ఎదురుగా నిలబడు

కూర్చో ముతాలే, ముందు ఆ పాత గ్రిప్పు ఊడదియ్యి.
పెట్రోలు రెండు చుక్కలు చాలు,
వేళ్ళు మండితే మండనీ.
గోల్ఫు నేర్పాలంటే ఏం కావాలనేగా అడిగావు?
ముందు ఈ వాసన కావాలి.
రాత్రి న్షిమా ముద్దలోనూ ఇదే తగలాలి.

పదకొండేళ్ళకి సంచి భుజానికెత్తుకున్నాను.
రాగి గని ఇంజనీర్ల సంచులు,
నాకన్నా ఎత్తు, నాకన్నా ఖరీదు.
అప్పట్లో ఇక్కడ గ్రీన్లకి పచ్చదనమే లేదు,
నూనె పోసి తొక్కిన ఇసుక. బ్రౌన్లు అనేవాళ్ళం.
ఆడి వెళ్ళినవాళ్ళ వెనక గోనెపట్టా ఈడుస్తూ
అడుగులు చెరిపెయ్యడం నా పని.
చెరిపేస్తూనే చదివాను:
ఎవరి మడమ ముందు లేస్తుందో,
ఎవరు బంతి కదలకముందే ఆకాశంలో వెతుకుతారో.

తర్వాత పరీక్ష.
ఒకే రోజు ముప్పై ఆరు హోల్స్.
ఇన్ని దెబ్బలకి మించకూడదని గీత గీస్తారు.
మొదటిసారి పదకొండు ఎక్కువ. సిగ్గనిపించలేదు.
రెండోసారి నాలుగు.
మూడోసారి ఒక్కటి.

ఆ ఒక్కటి ఎక్కడ రాలిపోయిందో ఇప్పటికీ చూపిస్తా రా.
పదిహేడో హోల్, చెయ్యి చాపితే అందేంత దూరం.
గని సైరను మోగింది, చేతులు అదిరాయి,
అని ఊరంతా చెప్పుకున్నాను, ఏళ్ళ తరబడి.
ఆ సైరను కిందే పుట్టి, ఆ సైరనుకే నిద్రలేచినవాడికి
సైరను కొత్తా?
భయపడ్డానని ఒప్పుకోడానికి పట్టిన కాలం
పరీక్ష గట్టెక్కడానికి పట్టలేదు.
నాలుగోసారి పాసయ్యాను.
అందులో ఒక్క దెబ్బా గుర్తులేదు.

దుకాణం తాళంచెవి చేతిలో పెట్టారు.
ఐదింటికి తెరువు, బంతులు కడుగు,
చెదలు తిన్న మెంబర్ల పుస్తకం ఎండబెట్టు,
ఏడో హోల్ పక్క పుట్టమీద బంతి ఆగితే
రూలేమిటో తాగొచ్చిన ఇద్దరికీ ఓపిగ్గా చెప్పు.

నా మొదటి శిష్యుడు డాక్టరు సిమ్వింగా,
కత్తి పట్టి రిటైరైన చెయ్యి.
గంటలో ఆయనకి తొమ్మిది తప్పులు చూపించాను,
వేలు మడిచి మరీ లెక్కపెట్టాను.
తొమ్మిదీ దిద్దుకోబోయి
ఆయన బంతిని తాకడమే మర్చిపోయాడు.
డబ్బిచ్చి, దణ్ణం పెట్టినట్టు నవ్వి వెళ్ళాడు.
మళ్ళీ రాలేదు.

ఇంకొకటి చెప్తాను, అదీ విని
అప్పుడు దరఖాస్తు నింపుకో.

క్లబ్బు వంటమనిషి కూతురు చిలేషే, తొమ్మిదేళ్ళది.
పుర్రచెయ్యి.
క్లబ్బంతా వెతికినా ఉన్నవన్నీ కుడివాటం కర్రలే.
మూడు వారాలు దాన్ని కుడికి తిప్పాలని చూశాను.
పాపం, చెప్పినట్టే చేసేది,
బంతులు మాత్రం వరసగా రెల్లుపొదల్లోకి.
చివరికి గని వెల్డరు బండా, రాత్రి డ్యూటీలో
పాత ఐదో నంబరు ఐరన్ తల కోసి
తిప్పి అతికించాడు.
అతుకు దగ్గర రాగి మెరిసేది.

కర్ర దొరికింది, నేర్పడం రాలేదు.
నా ఒంట్లో ఎడమ ఎక్కడుందో నాకే తెలీదు.
ఓ సాయంత్రం విసిగిపోయి
దాని ఎదురుగా నిలబడి ఊరికే కర్ర ఊపుతున్నాను.
అదీ ఊపింది.
నా కుడి దానికి ఎడమ.
నేను భుజం తిప్పితే తిప్పింది,
ఆగితే ఆగింది,
నా పాత జబ్బు, ఆ చివరి నిమిషం తొందర,
అదీ దించేసుకుంది!
ముతాలే, ఇరవై ఏళ్ళలో ఎవరూ నాకు చూపించని తప్పు
ఓ పిల్ల భుజంలో కనిపించింది.
నేను మెల్లగా తిప్పాను.
అదీ మెల్లగా తిప్పింది.
బంతి నల్ల స్లాగు గుట్ట మీదుగా లేచి
కాసేపు దిగలేదు.
ఇద్దరం ఒక్క మాటా అనుకోలేదు.

అయిందా? ఆ బంక గీకు, టేపు చుట్టు,
కొత్త గ్రిప్పు ఒక్క ఊపులో ఎక్కాలి,
సగంలో ఆగితే అక్కడే అంటుకుపోతుంది.

రేపు ఏడింటికి సిమ్వింగా మనవడు వస్తాడట.
నువ్వే చూసుకో.
నేను దుకాణంలో టీలు లెక్కపెట్టుకుంటూ ఉంటాను.
కిటికీలోంచి చూడనని మాత్రం
మాటివ్వలేను.